వంటింటి ప్రశ్నలు: ఇంట్లో స్టేక్, పక్కన సగం పళ్లెం కూరగాయలు

హోటల్లో తిన్న స్టేక్, అంటే మందంగా కోసి పెనం మీద కాల్చిన మాంసం ముక్క, ఇంట్లో ఎందుకు కుదరడం లేదని ఈసారి చాలామంది రాశారు. పొయ్యి మీద ఏం జరిగిందో అందరూ వివరంగానే చెప్పారు. కానీ ఎక్కువ ఉత్తరాల్లో తప్పు పొయ్యి వెలిగించకముందే జరిగిపోయింది. ఏ ముక్క తెచ్చారు, కోసి ఎన్ని గంటలైంది, తడి తుడిచారా లేదా అన్న దగ్గరే స్టేక్ సగం తేలిపోతుంది. అందుకే జవాబులు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: ఆదివారం పొద్దున మార్కెట్ నుంచి అర కిలో యాటకూర తెచ్చాను, తొడ వైపుది, ఎముక లేకుండా. చిటికెన వేలి మందాన ముక్కలు కోయించి, మధ్యాహ్నం పెద్ద మంట మీద పది నిమిషాలు కాల్చాను. చెప్పు తోలులా సాగింది, ఎవ్వరం నమలలేకపోయాం. అదే దుకాణం మటన్‌తో కూర వండితే వెన్నలా ఉంటుంది. స్టేక్‌కి ఎందుకిలా? – ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: మీ మటన్ మరీ తాజాగా ఉండటమే అసలు చిక్కు. యాటను కోసిన కొన్ని గంటలకు దాని కండలు బిగుసుకుంటాయి. కండలో నిల్వ ఉన్న శక్తి అయిపోయి, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వదలలేని స్థితికి వస్తాయి. చల్లటి చోట ఉంచితే ఆ బిగువు సడలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కండలోనే ఉండే ఎంజైములు పోగులను మెల్లగా తెంపుతూ పోతాయి. తెల్లవారుజామున కోసిన యాట పొద్దున ఎనిమిదింటికి సంచిలోకి, పన్నెండింటికి పెనం మీదికి వచ్చిందంటే, సరిగ్గా బిగుసుకున్న వేళకే మీరు దాన్ని వండారు.

కూరలో ఈ తేడా తెలియదు. గంటసేపు ఉడికినా, కుక్కర్లో విజిల్స్ వచ్చినా, పోగులను కట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జిగురవుతుంది. పాయా చల్లారితే గడ్డకట్టేది ఆ జిగురే. స్టేక్‌కి అంత సమయం ఉండదు. పది నిమిషాల్లో కొల్లాజెన్ కరగదు, ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ లోపలి రసాన్ని బయటికి పిండేస్తుంది. మీ పెనంలో నీళ్లు ఊరి ఉంటాయి, గుర్తు తెచ్చుకోండి. ఆ నీళ్లే ముక్కలో ఉండాల్సిన రసం.

ఆదివారం తినాలంటే శుక్రవారం సాయంత్రమో శనివారం పొద్దుననో తెచ్చుకోండి. ముక్కలు కొట్టించకుండా ఒకే పెద్ద ముక్కగా తీసుకోండి. ఇంటికి రాగానే శుభ్రమైన బట్టతో తడి అద్ది, స్టీలు పళ్లెంలో చిన్న జాలీ మీద పెట్టి, పైన పల్చటి కాగితం కప్పి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలకు మించకూడదు. 24 నుంచి 48 గంటలు చాలు. చాలామంది వేడి వేడి మాంసాన్ని తెచ్చీ తేగానే ఫ్రీజర్‌లో పడేస్తారు. అది మంచిది కాదు. బిగువు పూర్తి కాకముందే ఒక్కసారిగా చలి తగిలితే కండ ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఎంత చేసినా మెత్తబడదు. ఫ్రీజర్‌లో పెట్టాలంటే రెండు రోజులు కింది అరలో ఉంచాకే పెట్టండి.

ఇక ముక్క సంగతి. యాట రోజంతా నడిచే జంతువు. కాళ్లు, జబ్బలు, మెడ కష్టపడి పనిచేస్తాయి కాబట్టి అక్కడ నారలు, తెల్ల పొరలు ఎక్కువ. వీపు మీద వెన్నుపూసకు ఇరుపక్కలా ఉండే కండ పెద్దగా పనిచేయదు. అందుకే మటన్ కొట్టాయనను చాంప్స్ అడగండి, ఒక్కోటీ రెండు పక్కటెముకలు కలిపి ఉండేలా కొట్టించండి. అప్పుడు మందం 3 సెంటీమీటర్ల దాకా వస్తుంది. తొడే కావాలంటే రాన్ నుంచి కండను పొరల వెంట విడదీసి గడ్డలుగా ఇమ్మనండి, పైనున్న తెల్ల పొర గీకించండి. ఇంటికి వచ్చాక పోగులు ఏ దిక్కుకు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా 2.5 సెంటీమీటర్ల మందాన మీరే కోసుకోండి. చిటికెన వేలి మందం ముక్క రెండు మూడు నిమిషాల్లో లోపలి దాకా ఉడికిపోతుంది. మిగతా ఏడు నిమిషాలూ అది ఎండిపోయిందంతే.

ప్రశ్న: మేం పెద్దకూర తింటాం. స్టేక్‌కి ఏ భాగం అడగాలి? దుకాణంలో స్టేక్ అంటే అర్థం కావట్లేదు. – కాజీపేట

జవాబు: ‘అండర్‌కట్’ అనండి, వెంటనే అర్థమవుతుంది. వెన్నెముక కింద, నడుము లోపలి వైపు పొడవుగా ఉండే కండ అది. మొత్తం శరీరంలో అన్నిటికంటే తక్కువ పనిచేసే కండ కాబట్టి అన్నిటికంటే మెత్తన. పొద్దున్నే వెళ్లకపోతే దొరకదు, ముందురోజు చెప్పి పెట్టుకోండి. అది దొరక్కపోతే వీపు పైకండ అడగండి. ‘పసందా’ అంటే మాత్రం పల్చగా పరిచి, కత్తి వెనకతో కొట్టి ఇస్తారు. అది మసాలా పట్టించి వండడానికి బాగుంటుంది, స్టేక్‌కి పనికిరాదు.

మన దగ్గర దొరికేది ఎక్కువగా దున్నపోతు మాంసం. రంగు ముదురుగా ఉంటుంది, కండలో కొవ్వు చారలు తక్కువ. ఆరోగ్యానికి అది మేలే, కానీ కొవ్వు లేని ముక్క తొందరగా ఎండిపోతుంది. కాబట్టి 3 సెంటీమీటర్లకు తగ్గకుండా కోయించండి, వయసు మళ్లిన పశువుదైతే 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాకే వండండి.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు, గ్రిల్ లేదు. ఒక నాన్‌స్టిక్ పాన్, రొట్టెల పెంక ఉన్నాయి. వీటితో అవుతుందా? మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చెప్పండి. – నర్సంపేట

జవాబు: పెంకతో అవుతుంది. నాన్‌స్టిక్ వద్దు. స్టేక్‌కి కావలసినంత వేడికి పెంచితే దాని పూత దెబ్బతింటుంది. 260 డిగ్రీలు దాటితే ఆ పూత విడిపోయి పొగలు వదలడం మొదలవుతుంది, ఖాళీ పాన్ పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుతుంది. మందపాటి ఇనుప పెంక గానీ, దోసెలకు వాడే బీడు పెనం గానీ మంచివి. పెంక పల్చనిదైతే ఒకసారి రెండు ముక్కలే వేయండి. నాలుగు వేస్తే పెంక చల్లబడి మాంసం కాలకుండా ఉడుకుతుంది.

నలుగురికి 500 గ్రాముల మాంసం చాలు. నాలుగు ముక్కలు, ఒక్కోటీ 125 గ్రాములు. ఉప్పు ముప్పావు టీస్పూన్, అంటే సుమారు 4 గ్రాములు. ఈ ఉప్పును వండడానికి కనీసం 45 నిమిషాల ముందు అన్ని వైపులా చల్లి, ఫ్రిజ్‌లోనే జాలీ మీద పెట్టండి. ముందు రాత్రే చల్లితే ఇంకా మంచిది. ఉప్పు మొదట నీటిని పైకి లాగుతుంది. పదిహేను నిమిషాలకు చూస్తే ముక్క చెమట పట్టినట్టు ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో పెంక మీద వేస్తే పాడైనట్టే. ఇంకాసేపు ఆగితే ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి ఇంకి, కండ రసాన్ని పట్టి ఉంచుతుంది. అంత సమయం లేకపోతే పెంక మీద వేసే క్షణంలో ఉప్పు చల్లండి. మధ్యస్తంగా మాత్రం వద్దు.

మాంసాన్ని గంట ముందే బయట పెట్టమని కొన్ని వీడియోల్లో చెబుతారు. మన వేసవిలో 42, 43 డిగ్రీల్లో ఆ పని చేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేసినా పెద్ద తేడా రాదు, ఒక నిమిషం ఎక్కువ పడుతుందంతే. కానీ తుడవడం మాత్రం మరిచిపోవద్దు. శుభ్రమైన నూలు గుడ్డతో రెండు పక్కలా, అంచులా గట్టిగా అద్దండి, గుడ్డకు తడి అంటకుండా అయ్యే దాకా. నీళ్లున్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు. మనకు కావలసిన గోధుమ రంగు, ఆ కమ్మటి వాసన 140 డిగ్రీల పైనే వస్తాయి. ఉత్తరాల్లో చాలామంది రాసిన ‘బూడిద రంగు ముక్క’కు కారణం ఈ తడే.

ఖాళీ పెంకను మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ మంట మీద నాలుగైదు నిమిషాలు వేడి చేయండి. వేలికొసతో ఒక నీటి చుక్క వేసి చూడండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా వేడెక్కాలి. గాజుగోళీలా గుండ్రంగా అటూ ఇటూ దొర్లితే సిద్ధమైనట్టు. అప్పుడు ఒక టేబుల్ స్పూన్ పల్లి నూనె, రిఫైన్డ్‌ది, ముక్కలకే పూయండి. పెంకలో పోస్తే నూనె ఎక్కువ పడుతుంది, పొగ కూడా ఎక్కువ. కిటికీలు ముందే తీసి పెట్టుకోండి.

ముక్క వేసి, పైన చదునైన గరిటెతో పది సెకన్లు మెత్తగా అదమండి, అంతా పెంకకు అంటేలా. తర్వాత ముట్టుకోవద్దు. రెండు నిమిషాలకు తిప్పండి. పట్టుకుని లేవకపోతే ఇంకా రంగు రాలేదని అర్థం, అర నిమిషం ఆగండి. రెండో వైపూ రెండు నిమిషాలయ్యాక మంట మధ్యస్థానికి తగ్గించి, ఇకపై నిమిషానికోసారి తిప్పుతూ పోండి. ఒక్కసారే తిప్పాలన్న నియమం నిలబడదు. మాటిమాటికీ తిప్పితేనే లోపల వేడి సమంగా పోతుంది, అంచులు ఎండవు. కొవ్వు అంచు ఉంటే ముక్కను పటకారుతో నిలబెట్టి ఒక నిమిషం కాల్చండి. చివరి రెండు నిమిషాల్లో మంట సన్నం చేసి, చిదిమిన నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, ఒక టీస్పూన్ నెయ్యి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేయండి. మిరియాలు, కారం ముందే పట్టిస్తే పెద్ద మంటకు మాడి చేదెక్కుతాయి. వెన్న కంటే నెయ్యి ఎందుకంటే వెన్నలోని పాల పదార్థం తొందరగా మాడుతుంది.

2.5 సెంటీమీటర్ల ముక్కకు మొత్తం ఎనిమిది నుంచి పదకొండు నిమిషాలు. దింపి, కడిగిన జాలీ మీద ఐదారు నిమిషాలు వదిలేయండి. మూత పెట్టకండి, ఆవిరికి పైపెచ్చు మెత్తబడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో లోపలి వేడి ఇంకో 3, 4 డిగ్రీలు పెరుగుతుంది, కదిలిన రసం చిక్కబడి కుదురుకుంటుంది. వడ్డించేటప్పుడు పోగులకు అడ్డంగా అర సెంటీమీటరు పలుకులుగా కోయండి. తొడ ముక్కకు ఇది ప్రాణం. పొడుగ్గా కోస్తే నోట్లో తాడులా ఉండే ముక్క, అడ్డంగా కోస్తే చక్కగా తెగుతుంది.

ప్రశ్న: కోస్తే ఎర్రటి నీళ్లు వచ్చాయి. మా అత్తమ్మ రక్తం అని పళ్లెం పక్కన పెట్టేసింది. అది తినొచ్చా? పిల్లలకు ఎంత ఉడికించాలి? – కరీంనగర్

జవాబు: అది రక్తం కాదని మీ అత్తమ్మకు నిశ్చింతగా చెప్పండి. రక్తం కోసినప్పుడే కారిపోతుంది. కండలో ఆక్సిజన్ దాచుకునే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ ఉంటుంది, అది నీటితో కలిసి బయటికి వస్తుంది.

అయితే ఎంత ఉడికించాలన్న ప్రశ్న వేరే. పాశ్చాత్య దేశాల్లో 55 డిగ్రీల దగ్గర లోపల ఎర్రగా ఉండగానే దింపుతారు. అక్కడి మాంసం కోసినప్పటి నుంచి చల్లటి గదుల్లోనే ఉంటుంది. మన దగ్గర బయట వేలాడదీసి, ఒకే మొద్దు మీద కొట్టి, ఒకే గుడ్డతో తుడిచే మాంసానికి ఆ లెక్క తీసుకోవద్దనే మా గట్టి అభిప్రాయం. ముక్క మొత్తంగా ఉంటే సూక్ష్మజీవులు ఎక్కువగా పైనే ఉంటాయి, కాల్చగానే పోతాయి. కానీ మేక, గొర్రె మాంసంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కండ లోపలే ఉండవచ్చు. అది 67 డిగ్రీల దగ్గర చనిపోతుంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు 66 డిగ్రీల దగ్గర దింపండి, ఆగిన ఐదు నిమిషాల్లో 69, 70కి చేరుతుంది. లోపల లేత గులాబీ ఛాయ, రసం మిగిలే ఉంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు, బాగా పెద్దవాళ్లకు, కిడ్నీ మార్పిడి వంటివి జరిగినవాళ్లకు పెంక మీదే 71 దాటనివ్వండి. కత్తి వెనకతో కొట్టిన, ఫోర్కుతో గుచ్చిన మాంసమైతే అందరికీ 71 దాటాలి, ఎందుకంటే పైనున్న క్రిములు గుచ్చిన దారిలో లోపలికి పోతాయి.

ఈ డిగ్రీలు తెలియాలంటే మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఒక్కటే దారి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. పై నుంచి గుచ్చితే కొస పెంకకు తగిలి తప్పు చూపిస్తుంది. పటకారుతో ముక్కను ఎత్తి, పక్క అంచు నుంచి సరిగ్గా నడిమి దాకా దూర్చండి, ఎముకకు తగలకుండా. వేలితో నొక్కి చెప్పే పద్ధతి వందల ముక్కలు కాల్చిన వంటమాస్టర్లకు సరే, నెలకోసారి వండేవాళ్లకు నమ్మకం లేదు.

ప్రశ్న: మావారికి షుగర్. స్టేక్ పక్కన హోటల్లో ఆలుగడ్డ ముద్ద, నాలుగు బీన్స్ పెడతారు. ఇంట్లో ఏ కూరగాయలు, ఎంత పెట్టాలి? నేను చేస్తే బీన్స్ పాకుడు రంగుకు వస్తాయి, క్యాప్సికం నీళ్లు వదులుతుంది. పైగా అన్నీ అయ్యేసరికి మాంసం చల్లారిపోతుంది. – జనగామ

జవాబు: ఈ భోజనం ఆరోగ్యకరమా కాదా అన్నది మీరు అడిగిన ఆ పక్కన పెట్టే కూరగాయలే తేలుస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు పళ్లెంలో సగం ఉండాలనే చెబుతున్నాయి. కాబట్టి నలుగురికి 500 గ్రాముల మాంసానికి 800 గ్రాముల కూరగాయలు లెక్క పెట్టుకోండి: బీన్స్ 250, క్యారెట్ 200, క్యాప్సికం ఒకటి, ఉల్లిగడ్డలు రెండు, ఒక కట్ట తోటకూర. ఆలుగడ్డ ఈ లెక్కలోకి రాదు, అది అన్నం ఖాతా. మీవారికి ఆలుగడ్డ ముద్ద బదులు ఒక జొన్నరొట్టె పెట్టండి. ముందు కూరగాయలు, తర్వాత మాంసం, చివర రొట్టె తింటే భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. ఖర్చు లేని మందు ఇది, పాటించేవాళ్లే తక్కువ.

బీన్స్ రంగు పోవడానికి కారణం మూత. ఉడికేటప్పుడు కాయలోంచి పులుపు ఆవిరితో బయటికి వస్తుంది. మూత పెడితే అది మళ్లీ నీళ్లలోనే పడి పచ్చదనాన్ని చంపుతుంది. లీటరు నీళ్లు తెర్లుతుండగా రెండు టీస్పూన్ల లోపు ఉప్పు వేసి, నాలుగు సెంటీమీటర్ల ముక్కలను మూత లేకుండా మూడున్నర నిమిషాలు ఉడికించి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, అర నిమిషంలో తీసి గుడ్డ మీద ఆరబెట్టండి. ఆ ఉప్పు దాదాపు అంతా నీళ్లతోనే పోతుంది. నిమ్మరసం పిండాలంటే పళ్లెంలోకి వచ్చాకే. ముందే పిండితే అదే పాకుడు రంగు.

క్యాప్సికం నీళ్లు వదలడానికి కారణం ఇరుకు. పెంకలో ముక్కకూ ముక్కకూ మధ్య వేలు సందు ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడితే కింది ముక్క ఆవిరి పై ముక్కను ఉడకబెడుతుంది. రెండు విడతలుగా వేయండి. ఉప్పు దింపేటప్పుడే. పుట్టగొడుగులు కూడా ఇంతే. అవి అయితే మొదట నూనె లేకుండా వేసి, వదిలిన నీళ్లు ఇగిరాక నూనె చల్లండి.

ఇక వేళ కుదరడం. రాత్రి ఎనిమిదింటికి తినాలనుకుంటే, ఏడుంబావుకు క్యారెట్‌ను వేలి పొడవు ముక్కలుగా కోసి, తెర్లే ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి తీయండి, అవే నీళ్లలో బీన్స్ వేయండి. ఏడున్నరకు ఇవన్నీ ఆరుతుంటాయి, తోటకూర కడిగి నీళ్లు వాడ్చి ఉంటుంది, రొట్టెల పిండి కలిపి ఉంటుంది. ఏడూ ముప్పై ఐదుకు పెంక వేడి చేయండి. ఏడూ నలభైకి మాంసం పడుతుంది, ఏడూ యాభైకి జాలీ మీదికి వస్తుంది. అక్కడి నుంచి మాంసం ఆగే ఐదారు నిమిషాలే కూరగాయల సమయం. అదే పెంకలో, మాంసం వదిలిన గోధుమ రంగు పొర మీదే, ఉల్లిగడ్డ చక్రాలు, క్యాప్సికం పెద్ద మంట మీద రెండు నిమిషాలు, తర్వాత క్యారెట్, బీన్స్ ఇంకో రెండు నిమిషాలు. వాటిని తీసి, మూడు ఎల్లిగడ్డ రెబ్బలతో తోటకూర ఒక నిమిషం. పెంక కూడా దానంతటదే శుభ్రమైపోతుంది. రొట్టెలు రెండో పొయ్యి మీద ఇంకో పెంకతో. ఒక్కటే పెంక ఉంటే రొట్టెలు ఏడున్నరకు ముందే చేసి గుడ్డలో చుట్టి పెట్టండి. పళ్లేలను వేడినీళ్లలో ముంచి తుడిస్తే మాంసం ఇంకో పది నిమిషాలు వేడిగా ఉంటుంది. చల్లటి స్టీలు పళ్లెం వేడిని క్షణంలో లాగేస్తుంది.

ప్రశ్న: సీసా సాసులు లేకుండా స్టేక్‌కి గ్రేవీ ఎలా? పెరుగు వేస్తే విరిగింది. – మహబూబాబాద్

జవాబు: కూరగాయలు వేయకముందే, మాంసం తీసిన పెంకలో కొవ్వు ఒంపేసి ఒక టీస్పూన్ మిగిల్చండి. చిన్న ఉల్లిగడ్డ సన్నగా తరిగి రెండు నిమిషాలు వేయించి, మంట తగ్గించి, అర టీస్పూన్ చపాటా మిర్చి కారం వేయండి. టమాటా మిర్చి అని పిలిచే ఈ వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిగనిగలాడే ఎరుపు ఇస్తుంది, ఘాటు తక్కువ. మాంసం రుచిని మింగేయకుండా రంగు, వాసన ఇచ్చే కారం ఈ పనికి ఇంతకంటే వేరొకటి అక్కర్లేదు. పది సెకన్లకే 150 మిల్లీలీటర్ల ఎముకల రసం పోసి, లేకుంటే వేడి నీళ్లే పోసి, చెక్క గరిటెతో అడుగు గీకండి. సగానికి ఇగిరాక మాంసం కింద పళ్లెంలో ఊరిన రసం కలపండి. ఉప్పు రుచి చూశాకే. సాధారణంగా అక్కర్లేదు.

పెరుగు విరగడానికి వేడి, పులుపు రెండూ కారణం. పుల్లగా లేని పెరుగు రెండు టేబుల్ స్పూన్లు, అర టీస్పూన్ శనగపిండితో ఉండ లేకుండా గిలకొట్టి, సన్నటి మంట మీద కలుపుతూ ఒక నిమిషం ఉంచండి. తెర్లనివ్వకండి. గ్రేవీ ఇలా చేస్తే కూరగాయలకు పెంక కడగాల్సిన పనిలేదు, తుడిస్తే చాలు.

ప్రశ్న: మెత్తబడాలని పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా ఉంచిన. పైన పేస్టులా ఊడొచ్చింది, లోపల గట్టిగనే ఉన్నది. – మంచిర్యాల

జవాబు: బొప్పాయిలోని పపైన్ కొన్ని మిల్లీమీటర్ల లోతుకే పోతుంది. అక్కడ మాత్రం ఆగకుండా తింటూ పోతుంది, వేడి తగిలినకొద్దీ 60, 70 డిగ్రీల దాకా ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. అర కిలోకు తొక్కతో నూరిన ముద్ద ఒక టీస్పూన్, అరగంట, అంతకు మించి వద్దు. అదీ 1.5 సెంటీమీటర్ల లోపు పల్చటి ముక్కలకే. మందపాటి స్టేక్‌కి రెండు రోజుల ఫ్రిజ్ చేసే పని బొప్పాయి చేయలేదు.

ప్రశ్న: మాకు చెరువు చేప బాగా దొరుకుతది. చేపతో స్టేక్ చేయొచ్చా? ఏ చేప? పెంకకు అంటుకుని ముక్కలవుతది. – ములుగు

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు. మన రాష్ట్ర చేప కొర్రమీను దీనికి ఎంతో అనువైనది. నడిమి ముల్లు తప్ప సన్న ముళ్లు దాదాపు ఉండవు, కండ గట్టిగా ఉంటుంది, విరగదు. కిలో పైబడిన చేపను అడ్డంగా 2.5 సెంటీమీటర్ల చక్రాలుగా కోయించండి. బొచ్చె అయితే రెండు కిలోల పైది తీసుకోండి. చిన్నదాంట్లో ముళ్లు ఏరడంతోనే సరిపోతుంది.

జిగట పోవడానికి ఉప్పు, బియ్యప్పిండితో రుద్ది కడిగి, ఆ తర్వాత మాంసం కంటే కూడా జాగ్రత్తగా తుడవండి. అంటుకోవడానికి సగం కారణం తడి, మిగతా సగం తొందర. చేప ప్రొటీన్ చల్లటి లోహానికి అతుక్కుంటుంది, పైపెచ్చు కట్టాక దానంతటదే వదులుతుంది. పావు టీస్పూన్ పసుపు, ఉప్పు, నూనె పూసి, బాగా కాలిన పెంక మీద వేసి నాలుగు నిమిషాలు కదపకండి. తిప్పి మూడు నిమిషాలు. ముల్లు పక్కన చాకు మొనతో కదిపితే కండ పొరలుగా విడివడాలి, అద్దంలా మెరవకూడదు. థర్మామీటర్‌లో 63 డిగ్రీలు. చేపను ఎక్కువసేపు ఆపనక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. పక్కన పుంటికూర పచ్చడి ఒక చెంచా పెట్టి చూడండి, నిమ్మకాయ గుర్తుకు రాదు.

ప్రశ్న: మా మామయ్యకు బీపీ. ఇలాంటి భోజనం వారానికి ఎన్నిసార్లు పెట్టొచ్చు? – జగిత్యాల

జవాబు: యాట, గొర్రె, పెద్దకూర అన్నీ ఎర్ర మాంసమే. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సంస్థ చెప్పే హద్దు వారానికి మూడు పూటలు, వండిన బరువులో 350 నుంచి 500 గ్రాములు. పచ్చిది 125 గ్రాములు వండితే సుమారు 90 గ్రాములవుతుంది. దావత్‌లు, ఆదివారం కూర కూడా ఈ లెక్కలోవే కాబట్టి స్టేక్‌ను వారానికి ఒక పూటకు ఉంచి, ఇంకో పూట చేప పెట్టండి.

బీపీకి మాంసం కంటే సీసా సాసులు ఎక్కువ చేటు. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లోనే 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పింది 5 గ్రాముల లోపు. మేం చెప్పిన కొలతలో ఒక స్టేక్‌కు వచ్చేది ఒక్క గ్రాము. పక్కన ఆవకాయ, అప్పడం పెడితే ఆ లెక్కంతా పోతుంది, ఆ పూటకు వద్దని మామయ్యను ఒప్పించండి. అంచులు నల్లగా మాడితే కోసి పారేయండి, ఆ నలుపు ఒంటికి మంచిది కాదు. కిడ్నీ జబ్బు, యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు మాంసం ఎంత తినాలన్నది వాళ్ల డాక్టరే తేల్చాలి.

ప్రశ్న: మిగిలిన స్టేక్ మర్నాడు వేడి చేస్తే రబ్బరు అవుతుంది. ఏం చేయాలి? – వరంగల్

జవాబు: తిన్న వెంటనే, రెండు గంటలు దాటకుండా మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం గంటలోపే. మూడు రోజుల్లో తినేయాలి. ముక్కను మొత్తంగా వేడి చేయడమే రబ్బరుకు కారణం. నడిమి వేడెక్కేసరికి అంచులు రెండోసారి ఉడికిపోతాయి. చల్లగా, గట్టిగా ఉన్నప్పుడే కాగితంలా పల్చగా, పోగులకు అడ్డంగా కోయండి. పెంకలో అర టీస్పూన్ నూనెతో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, మిగిలిన బీన్స్, క్యారెట్ వేసి, అన్నీ పొగలు కక్కుతుండగా మాంసం వేసి, అది కూడా పొగలు వచ్చేంత వరకు ఒక నిమిషం కలిపి దింపండి. జొన్నరొట్టెలో చుట్టుకుని, పైన కొత్తిమీర, నిమ్మరసం.